బ్లాకుల గోడ ముందుకొస్తోందా? ముందు నీళ్లెటు పోతున్నాయో చూడండి

పైన బుడిపెలు, కింద గుంటలు ఉండే పెద్ద ప్రీకాస్ట్ (ముందే అచ్చుల్లో పోసి తెచ్చే) కాంక్రీటు బ్లాకులు ఇప్పుడు చాలా సైట్లలో మట్టిని ఆపే గోడలకు వాడుతున్నారు. 1600 మి.మీ. పొడవు, 800 వెడల్పు, 800 ఎత్తు ఉండే బ్లాకు ఒక్కటే దాదాపు 2.4 టన్నులు తూగుతుంది. మధ్యలో సిమెంటు మాలు అక్కర్లేదు. క్రేన్‌తో ఎత్తి ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టడమే. అంత బరువున్నది ఇంకెక్కడ కదులుతుందిలే అనుకుంటాం, కానీ కదులుతుంది. నేను చూసినంతవరకు బ్లాకు పగలడం వల్ల పాడైన గోడ ఒక్కటీ లేదు. తప్పంతా గోడ వెనకో, అడుగునో ఉంటుంది.

గోడ నడుమ పొట్ట వచ్చింది

మూడు వరసల గోడ, అంటే 2.4 మీటర్ల ఎత్తు అనుకుందాం. మీటరు పొడవుకు దాని బరువు సుమారు 4.6 టన్నులు. అడుగున రాపిడితో జారకుండా ఆపుకోగలిగేది అందులో సగం, 2.3 టన్నులు. వెనక పొడి గ్రావెల్ ఉంటే అది తోసేది సుమారు 1.7 టన్నులు, కాబట్టి గోడ నిలబడుతుంది. అదే మట్టి పైదాకా నీళ్లతో నిండితే తోపు 3.8 టన్నులకు చేరుతుంది. అందులో దాదాపు 2.9 టన్నులు ఒట్టి నీళ్లదే.

ఒకసారి మా సైటులో, కొండవాలు స్థలంలో, గోడ అందంగా కనిపించాలని బ్లాకుల మధ్య కీళ్లన్నీ సిమెంటుతో పూసేశాం. రెండు రోజులు వాన పడేసరికి రెండో వరస నాలుగు సెంటీమీటర్లు ముందుకొచ్చింది. గోడ ముఖం మాత్రం పొడిగా ఉంది. కింది కీలు దగ్గర ఉలితో పూత కొట్టగానే ఎర్రటి నీళ్లు మోచేతి పొడవున చిమ్మాయి. ఆ పూత నేను ఒప్పుకోకుండా ఉండాల్సింది.

వాన తర్వాత వెనక నేల చిత్తడిగా ఉండి గోడ ముఖం పొడిగా ఉంటే నీళ్లకు దారి మూసుకుపోయినట్టే. జేసీబీతో గోడను వెనక్కి నెట్టించకండి, బుడిపెలు విరుగుతాయి. పై వరస నుంచి బ్లాకులు దింపి, వెనక మట్టి తీసి, గోడను ఆనుకుని కనీసం 300 మి.మీ. మందాన కంకర పోయండి. కంకరకూ మట్టికీ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లను వదిలి మట్టిని ఆపేది) వేయండి. అడుగున చిల్లుల పైపు పెట్టి, వంద మీటర్లకు మీటరు వాలుతో బయటికి తీయండి. వెనక నల్లరేగడి ఉంటే అది తీసేసి గ్రావెల్ నింపాలి. తడిస్తే ఉబ్బే మట్టి అది.

గోడ మొత్తం మొదటి నుంచే ముందుకు వాలింది

ఇది పునాది సమస్య. మొదటి వరస లెవల్ తప్పితే పైన దిద్దడం కుదరదు. బ్లాకు వెడల్పులో 5 మి.మీ. తేడా వస్తే 2.4 మీటర్ల ఎత్తుకు పోయేసరికి గోడ 15 మి.మీ. పక్కకు పోతుంది. ఒక్కోసారి బుడిపెకూ గుంటకూ మధ్య ఇరుక్కున్న చిన్న కంకర రాయి చాలు. అందుకే ప్రతి బ్లాకు దింపే ముందు కింది దాన్ని చీపురుతో ఊడవాలి.

ఇంకో కారణం, గోడ ముందు ఎవరో కాలువ తవ్వడం. పాదం దగ్గర మట్టి తీస్తే గోడకు ముందువైపు ఆసరా పోతుంది. వెంటనే పూడ్చి, గట్టిగా దిమ్మిస కొట్టించండి. వాలు రోజురోజుకూ పెరుగుతుంటే మొదట గోడ కింది వైపు నుంచి మనుషుల్ని ఖాళీ చేయించి, ఆ తర్వాత స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి.

వెనక నేల గుంటలు పడుతోంది

కీళ్ల నుంచి వచ్చే నీళ్లు సీసాలో పట్టి గంటసేపు కదపకుండా పెట్టండి. అడుగున మట్టి పేరితే గోడ వెనక నేల కొట్టుకుపోతోందని అర్థం. గుడ్డ వేయలేదు, లేదా చిరిగింది. పైన మట్టి పోసి గుంటలు పూడ్చితే మళ్లీ పడతాయి, తవ్వి గుడ్డ వేయాల్సిందే.

గోడ మీద తెల్లటి పొడి కనిపిస్తే టెన్షన్ పడొద్దు. అది కాంక్రీటులోని సున్నం. బ్రష్‌తో రుద్దితే పోతుంది.

వరద గోడ కింద నుంచి నీళ్లు వస్తున్నాయి

విజయవాడ కృష్ణలంకలో ఉన్న రిటైనింగ్ వాల్ చూసి, అలాంటిదే బ్లాకులతో కట్టేద్దాం అంటుంటారు. అది ఇనుప చువ్వలు కట్టి పోసిన కాంక్రీటు గోడ. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటినా వెనకున్న ఇళ్లను కాపాడింది. మాలు లేని బ్లాకుల గోడ కీళ్లలోంచి నీళ్లు కారతాయి. పైగా 2.4 మీటర్ల నీళ్లే 2.9 టన్నులు తోస్తాయి, ఒక బ్లాకు మందం ఆపగలిగేది 2.3 అని పైన చూశాం. కింది వరసలు కనీసం రెండు బ్లాకుల వెడల్పు ఉండాలి, ఎంత అన్నది ఇంజినీరు లెక్కగట్టాలి. నీటివైపు మందమైన ప్లాస్టిక్ షీటు పరిచి, దాని అంచును నేలలో పాతాలి.

వరద సమయంలోనే లోపలివైపు ఊట పొంగి బుంగ పడితే దాన్ని మూయొద్దు. మూస్తే నీళ్లు ఇంకోచోట తన్నుకొస్తాయి. చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి, లోపల నీటిమట్టం పెరగనివ్వండి. మట్టి రావడం ఆగి తేట నీళ్లు వచ్చేదాకా బస్తాలు ఎత్తు చేస్తూ పొండి. తేట నీళ్లు పారితే పారనివ్వండి.

వరద తగ్గాక గోడ పాదం దగ్గర కోత ఎంత లోతుందో గడకర్రతో పొడిచి చూడండి. ఆ గోతిని ఒట్టి మట్టితో కాకుండా పెద్ద రాళ్లతో, లేదా వైరు వలల్లో రాళ్లు నింపిన గేబియన్లతో పూడ్చండి. గోడ రెండు చివరలూ గట్టు లోపలికి మలుపు తిరిగి ఉన్నాయో లేదో కూడా చూడండి. అక్కడ ఆగిపోయి ఉంటే వచ్చే వరద ఆ పక్కనుంచే గట్టును కోసేస్తుంది.