కన్సల్టెన్సీ మెట్లెక్కే ముందు ఇది చదవండి: వైజాగ్ నుంచి తక్కువ ఖర్చులో ఫారిన్ ఇంజనీరింగ్

మా తమ్ముడు మెకానికల్ ఫైనల్ ఇయర్ లో ఎంఎస్ కి వెళ్తానన్నప్పుడు మేము కూడా అందరిలాగే ఫస్ట్ ద్వారకానగరే వెళ్ళాం. ఒక కన్సల్టెన్సీ వాళ్ళు మర్యాదగా కూర్చోబెట్టి ఐదు యూనివర్సిటీల లిస్ట్ చేతిలో పెట్టారు, ఏది చూసినా రెండేళ్ళకి 35 లక్షలకి తక్కువ లేదు. మా నాన్న ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని గాజువాక వచ్చేదాకా బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత అర్థమైందేంటంటే అవన్నీ వాళ్ళకి కమీషన్ ఇచ్చే కాలేజీలే, ఫీజు లేని జర్మనీ గవర్నమెంట్ యూనివర్సిటీల నుంచి వాళ్ళకి ఏమీ రాదు కాబట్టి వాటి పేరే ఎత్తలేదు. డబ్బుల్లేని ఇంటి పిల్లలకి పనికొచ్చే దారులు మనకెవరూ అమ్మరు, మనమే వెతుక్కోవాలి.

ముందు ఒక తెల్ల కాగితం తీసుకోండి. మూడు అంకెలు వేరువేరుగా రాయండి: కట్టాల్సిన ఫీజు, అక్కడ బతకడానికయ్యే ఖర్చు, వీసాకి చూపించాల్సిన డబ్బు. ఈ మూడూ కలిపేసి చూసి చాలామంది భయపడిపోతారు, కానీ చూపించే డబ్బు అదనంగా అయ్యే ఖర్చు కాదు, చాలావరకు అక్కడ మీరు తినడానికి, ఉండడానికి వాడుకునేదే. కింద మీ ఇంట్లో కచ్చితంగా ఉన్నది ఎంతో రాయండి, మావయ్య ఇస్తానన్నాడు లాంటివి వద్దు. తేడా ఎంతో చూశాకే దేశం గురించి మాట్లాడండి.

జర్మనీతో మొదలుపెడదాం. గవర్నమెంట్ యూనివర్సిటీల్లో ఎక్కువ చోట్ల ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్ కి కొన్ని వందల యూరోల్లోపు కాంట్రిబ్యూషన్ కడితే చాలు. కానీ ఫ్రీ అనగానే అన్నీ ఫ్రీ అనుకోకండి, బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మనలాంటి బయటి దేశాల వాళ్ళకి సెమిస్టర్ కి 1,500 యూరోలు, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి కొత్తగా చేరేవాళ్ళ దగ్గర ఫీజు తీసుకుంటోంది, బాడెన్ వుర్టెంబర్గ్ లోనే ఉన్న స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూయే పేర్లు చూసి ఫ్రీ అనుకుని అప్లై చేసినవాళ్ళు నాకు తెలుసు. వీసాకి బ్లాక్డ్ అకౌంట్ లో ఏడాదికి 11,904 యూరోలు వెయ్యాలి, యూరో వంద రూపాయలు అనుకున్నా దాదాపు 12 లక్షలు. అది మీ డబ్బే, అక్కడికెళ్ళాక నెలకి 992 యూరోల చొప్పున మీ చేతికే వస్తుంది. ఈ అంకె మారుతుంటుంది కాబట్టి అప్లై చేసే నెలలో ఎంబసీ సైట్ లో ఒకసారి చూసుకోండి.

ఇంకోటి, 2022 నవంబర్ నుంచి మనవాళ్ళకి ఏపీఎస్ సర్టిఫికెట్ లేకుండా జర్మనీ స్టూడెంట్ వీసా లేదు. మన మార్కుల మెమోలు, డిగ్రీ నిజమైనవేనా అని చూసి ఇస్తారు, దానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. అడ్మిషన్ వచ్చాక చూద్దాంలే అని కూర్చుంటే సీటు పోతుంది. వింటర్ ఇన్‌టేక్ కి చాలా యూనివర్సిటీల ఆఖరి తేదీ జులై 15, కానీ ఇంగ్లీష్ మాస్టర్స్ కోర్సులకి మార్చి, ఏప్రిల్ లోనే మూసేసేవి చాలా ఉన్నాయి. కోర్సులు వెతకడానికి డాడ్ (DAAD, జర్మనీ స్టూడెంట్ ఎక్స్చేంజ్ సంస్థ) వాళ్ళ సైట్ ఒక్కటి చాలు, ట్యూషన్ ఫీజు లేనివి అని ఫిల్టర్ పెట్టుకోవచ్చు. వాళ్ళదే ఈపోస్ (EPOS) అని స్కాలర్‌షిప్ ఉంది, దానికి కనీసం రెండేళ్ళ ఉద్యోగ అనుభవం కావాలి, ఇప్పుడు ఏదో కంపెనీలో చేస్తున్నవాళ్ళు దాన్ని వదలకండి.

ఇంటర్ అయిన వెంటనే జర్మనీ అంటే మాత్రం కొంచెం కష్టం. జేఈఈ అడ్వాన్స్‌డ్ క్వాలిఫై అయితే నేరుగా ఇంజనీరింగ్ కి అప్లై చెయ్యొచ్చు, లేదంటే ఇక్కడ గుర్తింపున్న చోట బీటెక్ ఫస్ట్ ఇయర్ పాసై వెళ్ళాలి, అదీ కాదంటే అక్కడ ఏడాది యూనివర్సిటీకి ముందు చదివే ప్రిపరేటరీ కోర్సు, స్టూడియెన్‌కాలెగ్ చదవాలి. బ్యాచిలర్స్ ఎక్కువగా జర్మన్ భాషలోనే ఉంటాయి. నా మటుకు బీటెక్ ఇక్కడ చేసి మాస్టర్స్ కి వెళ్ళడమే మేలనిపిస్తుంది.

ఇటలీ గురించి మనవైపు తక్కువ మాట్లాడతారు. అక్కడ గవర్నమెంట్ యూనివర్సిటీల్లో ఫీజు చాలావరకు ఇంటి ఆదాయాన్ని బట్టి ఉంటుంది, పైగా ఒక్కో ప్రాంతం వాళ్ళు ఆదాయం తక్కువున్న స్టూడెంట్స్ కి స్కాలర్‌షిప్ ఇస్తారు, ఫారిన్ పిల్లలకి కూడా, ఫీజు మాఫీ, చేతికి డబ్బు, క్యాంటీన్ భోజనం, కొన్ని చోట్ల హాస్టల్. మార్కుల కంటే కాగితాలు ముఖ్యం. ఇంట్లో అందరి ఆదాయం, ఇల్లు, బ్యాంకు బ్యాలెన్స్ వివరాలకి సర్టిఫికెట్లు తీసుకుని, అపోస్టిల్ (కాగితం అసలైనదేనని విదేశాల కోసం వేసే ప్రభుత్వ ముద్ర) వేయించి, ఇటాలియన్ లోకి ట్రాన్స్‌లేషన్ చేయించాలి. సచివాలయంలో ఇన్‌కమ్ సర్టిఫికెట్ కి అప్లై చేసేటప్పుడే ఇంటిపేరు, నాన్న పేరు పాస్‌పోర్ట్ లో ఉన్నట్టే అక్షరం అక్షరం ఉన్నాయా చూసుకోండి, ఒక్క అక్షరం తేడా వస్తే మళ్ళీ మొదటికే. ఇంకో జాగ్రత్త, ఆ డబ్బు మీరు దిగగానే రాదు, నెలలు పడుతుంది, కాబట్టి మొదటి నాలుగైదు నెలల ఖర్చు చేతిలో ఉంచుకునే విమానం ఎక్కండి.

పూర్తి స్కాలర్‌షిప్ కావాలంటే యూరోపియన్ యూనియన్ వాళ్ళ ఎరాస్మస్ ముండస్ మాస్టర్స్ చూడండి, ఫీజు మాఫీ, నెలకి 1,400 యూరోలు, అప్లికేషన్లు ఎక్కువగా అక్టోబర్ నుంచి జనవరి మధ్యలో. జపాన్ వాళ్ళ మెక్స్‌ట్, కొరియా వాళ్ళ జీకేఎస్ అనే గవర్నమెంట్ స్కాలర్‌షిప్‌లు కూడా ఫీజు, నెల ఖర్చు ఇస్తాయి. పోటీ గట్టిగా ఉంటుంది, అయినా అప్లై చెయ్యండి. నార్వే ఫ్రీ అని పాత వీడియోలు ఇంకా తిరుగుతున్నాయి, 2023 నుంచి మనకి అక్కడ ఫీజు ఉంది.

అమెరికా అయితే ఎంఎస్ కి ఎయిడ్ తక్కువ, పీహెచ్‌డీకే ఆర్ఏ (రీసెర్చ్ అసిస్టెంట్), టీఏ (టీచింగ్ అసిస్టెంట్) పని కింద ఫీజు మాఫీ, జీతం బాగా దొరుకుతాయి. రీసెర్చ్ ఇష్టం ఉన్నవాళ్ళు బీటెక్ నుంచే నేరుగా పీహెచ్‌డీకి అప్లై చెయ్యొచ్చు, ఈ సంగతి మన కాలేజీల్లో ఎవరూ చెప్పరు. ఆంధ్రా యూనివర్సిటీలో 2021 నుంచి అమెరికన్ కార్నర్ ఉంది, అమెరికా చదువుల గురించి డబ్బు కట్టకుండా అడగడానికి మన ఊళ్ళో ముందు వెళ్ళాల్సింది అక్కడికే.

ఎస్సీ పిల్లలకి, సంచార జాతులకి, భూమి లేని కూలీల పిల్లలకి, చేతివృత్తుల కుటుంబాలకి కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది, మాస్టర్స్, పీహెచ్‌డీలకి, ఇంటి ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి. ఎస్టీలకి వేరేగా ఇంకోటి ఉంది. మన రాష్ట్రం పథకం పేరు, రూల్స్ ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతున్నాయి, దాన్ని నమ్ముకుని ముందే సీటు ఫీజు కట్టెయ్యకండి.

ఇక లోన్. అమ్మ పేరు మీద చోడవరం దగ్గర ఎకరం ఉంది కదా అని ధైర్యంగా బ్యాంకుకెళ్ళాం, వ్యవసాయ భూమి తనఖాకి తీసుకోం అన్నారు. చివరికి ఇల్లు పెట్టాం, అక్కడ లింక్ డాక్యుమెంట్ (మాకంటే ముందు ఓనర్ల పాత దస్తావేజు) ఒరిజినల్ లేదు, జిరాక్స్ ఉంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ, 30 ఏళ్ళ ఈసీ (ఇంటి మీద అప్పులు, అమ్మకాలు చూపించే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), తర్వాత బ్యాంకు లాయర్ ఒపీనియన్, ఇంజనీర్ వాల్యుయేషన్, మొత్తం 7 వారాలు పట్టింది. ఆ 7 వారాలూ తమ్ముడు అన్నం సరిగ్గా తిన్లేదు. అందుకే అడ్మిషన్ కోసం ఆగకుండా ఇంటి కాగితాలు ఇవాళే బీరువాలోంచి తీసి చూడండి. కేంద్రం వడ్డీ సబ్సిడీ ఎక్కువగా ఇండియాలో చదివేవాళ్ళకే, ఫారిన్ చదువుకి వస్తుందని లెక్కేసుకోకండి. చదువుతున్నప్పుడు కూడా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది, ఇంట్లో వీలైతే నెలనెలా ఆ వడ్డీ అయినా కట్టుకుంటూ పొండి. 2025 ఏప్రిల్ నుంచి బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ తో పంపే ఫీజు మీద టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను) పట్టుకోవట్లేదు, ఎవరైనా పట్టుకుంటామంటే అడగండి.

టైమ్ విషయానికొస్తే, సెప్టెంబర్ లో వెళ్ళాలంటే ముందు ఏడాది జులైకే మొదలుపెట్టాలి, అంటే ఫైనల్ ఇయర్ మొదట్లోనే. ట్రాన్స్‌క్రిప్ట్స్, మీడియం సర్టిఫికెట్ (ఇంగ్లీష్ మీడియంలో చదివారని ఇచ్చేది) కాలేజీ ఎగ్జామ్ సెక్షన్ లో అడిగి కనీసం ఐదు సెట్లు తీసుకోండి, సీల్డ్ కవర్ అయితే అంటించిన మడత మీద స్టాంపు సగం ఇటు సగం అటు పడాలి, కౌంటర్ దగ్గరే చూసుకోండి. మా తమ్ముడి కవర్ మీద స్టాంపు పడలేదు, పరీక్షల టైమ్ లో మళ్ళీ నాలుగుసార్లు తిరిగాడు.