చెరకు తోటలో దొరికింది చిరుత పిల్లా, అడవి పిల్లి కూనా? తేల్చుకునే పద్ధతి

బొబ్బిలి, రాజాం వైపు చెరకు నరికేటప్పుడు ఎండాకు కింద కూనలు కనబడితే చాలు, చిరుత పిల్లలంటూ ఊరంతా పోగవుతుంది. చాలాసార్లు అవి అడవి పిల్లి కూనలే. ఆ గందరగోళంలో ఎవరో వాటిని గంపలో పెట్టి ఇంటికి తెచ్చేస్తారు. అసలు నష్టం అక్కడే జరుగుతుంది.

ముందు తోక చూడండి. చిరుత కూన తోక పొడుగు, చెవులు గుండ్రం, పాదాలు ఒంటికి మించి లావు, ఒళ్లంతా దట్టమైన మచ్చలు. అడవి పిల్లి కూన తోక పొట్టిది, చెవులు నిక్కబొడుచుకుని ఉంటాయి, ఒంటి మీద చారలు లీలగా కనిపిస్తాయి. పెరిగేకొద్దీ ఆ చారలు మాసిపోతాయి.

పెద్ద అడవి పిల్లి 4 నుంచి 8 కిలోలు తూగుతుంది. ఎండుగడ్డి రంగు, మచ్చలుండవు, కాళ్లు పొడుగు. చెవి కొసన చిన్న నల్ల కుచ్చు, ముందుకాళ్ల లోపలివైపు నల్ల చారలు, తోక చివర నల్ల కట్లు. తోక వెనక కాలి మడమ దాకానే వస్తుంది. ఒంటి మీద వరుసగా మచ్చలుండి, ఒళ్లు బొద్దుగా, చెవులు చిన్నవిగా ఉంటే అది బావురు పిల్లి. అది నీళ్ల అంచున కాపు కాసి చేపలు పడుతుంది.

అడవి పిల్లి పేరుకే అడవిది. దానికి నీరు, ఎత్తు గడ్డి కావాలి. సోంపేట బీలల్లాంటి చిత్తడి నేలలు, వంశధార, నాగావళి పక్కన జమ్ము, తుప్పలు, చెరకు తోటలు దానికి నప్పే చోట్లు. వేకువన కాలువ గట్టు తడి మట్టిలో అడుగులు వెతకండి. నాలుగు వేళ్లు, గోళ్ల గుర్తు లేకుండా, అగ్గిపెట్టె పొడవుంటే అడవి పిల్లి. గోళ్లు దిగబడి ఉంటే కుక్కో నక్కో. 7 సెంటీమీటర్లు దాటితే చిరుత అనుకుని జాగ్రత్త పడాలి.

దాని వేట చెవులతో మొదలవుతుంది. గడ్డిలో ఎలుక కదలగానే ఆగిపోయి, చెవులు అటు తిప్పి, పొట్ట నేలకానించి పాకుతుంది. దగ్గరకొచ్చాక ఒక్క దూకు. పిట్ట లేస్తే గాల్లోకి ఎగిరి పడుతుంది. కుందేళ్లు, కప్పలు, పాములూ తింటుంది గానీ ముఖ్యమైన తిండి ఎలుకలే, రోజుకు మూడు నుంచి ఐదు. గట్లు తొలిచే ఎలుకల మీద ఇంత పని చేసే జీవాన్ని పొలంలో ఉండనివ్వడమే రైతుకు లాభం. మందు పెట్టిన ఎలుకను తింటే అదీ చస్తుంది కాబట్టి ఎలుకల మందు విచ్చలవిడిగా చల్లకండి. చచ్చిన ఎలుకలను ఏరి పాతిపెట్టండి.

కూనలు కనబడితే ఆ చుట్టుపక్కల నరకడం ఆపండి, నిప్పు పెట్టకండి. చేత్తో ముట్టకండి, పాలు పట్టకండి. ఆవుపాలు వాటికి విరేచనాలు పట్టిస్తాయి. ఫారెస్టు బీట్ ఆఫీసరుకు ఫోన్ చేసి, మనుషులూ కుక్కలూ దూరం జరిగితే చీకటి పడ్డాక తల్లి వచ్చి ఒక్కొక్కదాన్నీ నోట కరుచుకుపోతుంది. జనం కాపలా కూర్చుంటే రాదు. కూనలను ఇంట్లో పెంచినా, పెద్దదాన్ని ఉచ్చు వేసి పట్టినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు అవుతుంది.

ఇక అడవి పిల్లి కోళ్లను ఎత్తుకుపోకుండా గూడు సంగతి: అంగుళం మించని కంతల వెల్డ్ మెష్ (గట్టి ఇనుప తీగల జాలీ) బిగించి, కింద అడుగు లోతు పాతండి. కోళ్ల దడికి వాడే పల్చటి వల పనికిరాదు, పంజా పెట్టి లాగితే చిరుగుతుంది. పొద్దు గూకకముందే తలుపు వేసి, గొళ్లెం పెట్టాలి.