హాలోవీన్ సాయంత్రం పిల్లల్ని బయటికి తీసుకెళ్లే ముందు

పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి క్యాండీ అడిగే హాలోవీన్ అక్టోబరు 31న. ఆ నెలాఖరు వస్తోందంటే అమెరికాలో ఉన్న మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే టెన్షన్. ముక్కూమొహం తెలియనివాళ్లు ఇచ్చే క్యాండీ పిల్లలు తినొచ్చా, అందులో ఎవరైనా ఏదైనా కలిపి ఉంటే ఎలా అని. తల్లిదండ్రులకు ఆ బెంగ ఉండటం సహజమే. అయితే డెలావేర్ యూనివర్సిటీకి చెందిన జోయెల్ బెస్ట్ అనే సామాజిక శాస్త్రవేత్త కొన్ని దశాబ్దాలుగా ఇలాంటి వార్తలన్నీ వెతికి ఆరా తీశారు. ఇంటింటికీ తిరిగే పిల్లలకు ఎవరో తెలియనివాళ్లు విషం కలిపిన క్యాండీ ఇస్తే ప్రాణం పోయిందన్న ఘటన ఒక్కటి కూడా ఆయనకు రుజువుతో దొరకలేదు. 1974లో టెక్సాస్‌లో ఒక బాబు చనిపోయిన మాట నిజం. విషం పెట్టింది మాత్రం కన్నతండ్రే.

ఆ రోజు నిజంగా భయపడాల్సింది రోడ్డుకి. 1975 నుంచి 2016 వరకు అమెరికాలో వాహనాలు ఢీకొని చనిపోయిన పాదచారుల లెక్కలు పరిశీలించిన ఒక అధ్యయనం ‘జామా పీడియాట్రిక్స్’ అనే పిల్లల వైద్య పత్రికలో వచ్చింది. సరిగ్గా వారం ముందూ, వారం తర్వాతా వచ్చే సాయంత్రాలతో పోలిస్తే హాలోవీన్ సాయంత్రం ఆ ముప్పు 43 శాతం ఎక్కువట. 4 నుంచి 8 ఏళ్ల పిల్లల్లో అయితే ఏకంగా పది రెట్లు. సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో ప్రమాదాలు మరీ ఎక్కువ. ఆఫీసుల నుంచి కార్లు ఇళ్లకు చేరేదీ, చీకటి పడేదీ, పిల్లలు సంచులు పట్టుకుని బయల్దేరేదీ ఇంచుమించు ఒకే సమయం. అందుకే ఆ రోజు ఎలాగోలా చూసుకుని అమ్మానాన్నల్లో ఒకరైనా పెందలాడే ఇల్లు చేరండి. కారులో వస్తుంటే మీ కమ్యూనిటీలోకి తిరిగిన దగ్గర్నుంచి నడక వేగంతో రండి, ఫోన్ ముట్టుకోకండి. ఆగి ఉన్న రెండు కార్ల మధ్య నుంచి పిల్లాడు ఎప్పుడు దూకుతాడో చెప్పలేం.

నడిచేటప్పుడు సైడ్‌వాక్ దిగొద్దు. మన పిల్లలకు ఒక అలవాటు ఉంది: ఎదురింట్లో స్నేహితుడు కనిపిస్తే చాలు, అడ్డంగా పరిగెడతారు. కాబట్టి ముందే గట్టిగా చెప్పండి: వీధికి ఒకవైపు ఇళ్లన్నీ పూర్తిచేశాకే, మూల మీద, పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని రెండోవైపుకి దాటాలని. పన్నెండేళ్ల లోపు పిల్లల వెంట పెద్దవాళ్లు ఉండాల్సిందే. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మనో నాన్నమ్మనో తోడు పంపుతుంటే ఒక సంగతి మర్చిపోకండి. ఇక్కడ కార్లు వచ్చే వైపు వేరు. ఆవిడకు అలవాటుగా చూపు కుడివైపుకే ముందు వెళ్తుంది. ఇంకొక పెద్ద మనిషి కూడా వెంట ఉంటే మంచిది.

కాస్ట్యూమ్ కొన్నరోజే ఒకసారి తొడిగి, ఇంట్లో మెట్లెక్కించి దించండి. అంచు కాలికింద పడుతుంటే అక్కడే రెండు కుట్లు వేసి చీలమండ పైకి మడిచేయండి. మిషిగన్, మిన్నెసోటా వంటి చలి రాష్ట్రాల్లో ఉంటే లోపల స్వెటర్ పట్టేంత వదులుగా తీసుకోండి. లేకపోతే ఇంతా చేసి పైన జాకెట్ వేస్తే వేషం కనపడటం లేదని పిల్లలు ఏడుస్తారు. బ్యాట్‌మ్యాన్ కేప్ లాంటి నల్లబట్టలు చీకట్లో కార్లవాళ్లకు అసలు ఆనవు. వీపుకీ, సంచికీ రిఫ్లెక్టివ్ టేప్ అంటించి చేతికి ఫ్లాష్‌లైట్ ఇవ్వండి. మాస్కు పక్కచూపుని కప్పేస్తుంది, ముఖానికి రంగు వేయడమే మేలు. ఆ రంగు ముందురోజు ముంజేతి మీద కొంచెం రాసి దురద వస్తుందేమో చూడండి. రంగు కళ్ల కోసం అమ్మే కాంటాక్ట్ లెన్సులు డాక్టర్ రాసివ్వకుండా కొనొద్దు.

మన ఇళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది దీపాల గురించి. 2024లో దీపావళి, హాలోవీన్ ఒకేరోజు పడ్డాయి. మిగతా ఏళ్లలోనూ చాలాసార్లు రెండూ దగ్గరదగ్గరగానే వస్తాయి. మనం గుమ్మం ముందు, మెట్ల మీద ప్రమిదలు వరసగా పెడతాం. సరిగ్గా ఆ మెట్ల మీదకే పొడుగు గౌన్లు, వేలాడే కేపులు వేసుకున్న పిల్లలు గుంపుగా ఎక్కి వస్తారు, కళ్లన్నీ క్యాండీ గిన్నె మీదే. ఆ కాసేపూ మెట్ల మీద బ్యాటరీ దీపాలు పెట్టండి, నూనె దీపాలు లోపల దేవుడి దగ్గర వెలిగించండి. హాలోవీన్‌కి చెక్కి గుమ్మం ముందు పెట్టే గుమ్మడికాయలోనూ కొవ్వొత్తి వద్దు. కాస్ట్యూమ్ కొనేటప్పుడు ‘ఫ్లేమ్ రెసిస్టెంట్’ అన్న లేబుల్ చూడండి. ఇంట్లో ఉన్న పట్టులంగానో పాత ఓణీనో వేషానికి వాడుతుంటే మంట దగ్గరకి అసలు పోనివ్వకండి.

ఇక క్యాండీ. ఇంటికి వచ్చి బల్లమీద కుమ్మరించేదాకా ఒక్కటీ తినకూడదని బయల్దేరే ముందే ఒప్పించండి, కడుపునిండా అన్నం పెట్టి పంపితే వింటారు. కాగితం చిరిగినవి, విప్పి చుట్టినట్టున్నవి పారేయండి. నాలుగేళ్ల లోపు వాళ్లకు గట్టి క్యాండీలు, వేరుశనగలు, చూయింగ్ గమ్, పాప్‌కార్న్ ఇవ్వొద్దు, గొంతులో అడ్డం పడతాయి. పల్లీ, జీడిపప్పు, గుడ్డు అలర్జీ ఉన్న పిల్లలైతే ఇంకా జాగ్రత్త. చిన్న సైజు ప్యాకెట్ల మీద చాలాసార్లు పదార్థాల జాబితా ఉండదు, పెద్ద సైజులో లేనిది చిన్నదాంట్లో ఉండొచ్చు కూడా. వివరం తెలియనిది తీసి పక్కన పెట్టేయడమే. గుమ్మం ముందు నీలిపచ్చ రంగు గుమ్మడికాయ కనిపిస్తే ఆ ఇంట్లో తినేవి కాకుండా స్టిక్కర్లు, చిన్న బొమ్మలు కూడా ఇస్తారని గుర్తు. 2014 నుంచి దేశమంతా నడుస్తున్న మంచి పద్ధతి ఇది. మీ గుమ్మం ముందూ ఒకటి పెట్టండి.

శాకాహారులకు ఇంకో మాట. గమ్మీ బేర్లు, మార్ష్‌మాలోలు, క్యాండీ కార్న్, స్టార్‌బర్స్ట్ వంటివాటిలో సాధారణంగా జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. స్నికర్స్, మిల్కీ వేలలో గుడ్డు తెల్లసొన వేస్తారు. మీ ఇంట్లో అవి తినకపోతే పిల్లల చేతిలోంచి లాక్కోకండి. వాటికి బదులు ఇవ్వడానికి వాళ్లకి ఇష్టమైనవి ముందే కొని ఉంచి, ఒకటికి ఒకటి మార్చుకోండి.

చీకట్లో వెలిగే గ్లో స్టిక్‌ని పిల్లలు కొరికి లోపలి ద్రవం నోట్లోకి పోతే నోరు కడిగి, కొంచెం నీళ్లు తాగించి పాయిజన్ కంట్రోల్ వాళ్లకు 1-800-222-1222కి ఫోన్ చేయండి. ఆ నంబరు పగలూ రాత్రీ పనిచేస్తుంది. పిల్లాడు స్పృహ తప్పినా, ఊపిరి ఆడకపోయినా నేరుగా అత్యవసర నంబరు 911కే చేయండి. ఇంట్లో కుక్క ఉంటే చాక్లెట్ల సంచి దానికి అందనంత ఎత్తులో పెట్టండి, చాక్లెట్ కుక్కలకు విషం.