పాలమూరు, నల్లగొండల నుంచి కొత్తగా దుబాయ్ వచ్చినవారికి సూచనలు

మా నాన్న కాలంలో వలస అంటే గుంపు మేస్త్రీ. దసరా పోయాక ఊళ్లోకి వచ్చేవాడు, అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు, ఫలానా రోజు లారీ ఎక్కాలని చెప్పిపోయేవాడు. రాతకోతలు ఉండేవి కావు. మోసం జరిగితే ఊరంతా కలిసి నిలదీయడానికి వీలుండేది, ఎందుకంటే మేస్త్రీదీ పక్క ఊరే. ఆ అలవాటుతోనే నేను దుబాయ్ విమానం ఎక్కాను. ఏజెంటు నెలకు 1,200 దిర్హాములన్నాడు, నమ్మాను. దిగిన వారం రోజులకు కంపెనీవాళ్లు సంతకం పెట్టించుకున్న కాగితంలో 800 అని ఉంది.

శుక్రవారం సెలవు రోజున తోటివాళ్లను అడిగి, ఆ తర్వాతి వారం ఒక పూట పని పోగొట్టుకుని భారత కాన్సులేట్‌కు వెళ్లాను. అక్కడి ఉద్యోగి నన్ను కూర్చోబెట్టి, అంతా విని, ఒక్కటే అడిగాడు: "1,200 అని రాసిన కాగితం ఏమైనా ఉందా అన్నా?" లేదు. ఏజెంటు ఇచ్చిన ఆఫర్ లెటర్‌ను శంషాబాద్‌లోనే నా చేతిలోంచి తీసుకున్నారు. రెండేళ్లు 800కే పనిచేశాను.

తర్వాత వేరే కంపెనీలకు మారి, షట్టరింగ్ కార్పెంటర్‌గా మొత్తం పద్నాలుగేళ్లు అక్కడ ఉన్నాను. ఇప్పుడు మక్తల్ దగ్గర మా ఊళ్లో ఉంటున్నాను. నారాయణపేట, కోస్గి, దేవరకొండ తండాల నుంచి కొత్తగా వెళ్లిన పిల్లలు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలకు జవాబుగా ఇది రాస్తున్నాను.

మొదటి వారంలోనే చేయాల్సినవి

పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా, ఆఫర్ లెటర్, లేబర్ కాంట్రాక్టు, ఇన్సూరెన్స్ కాగితం, ఏజెంటుకు పైసలు పంపిన రసీదు. వీటన్నిటినీ ఫొటోలు తీసి ఇంటికి వాట్సాప్‌లో పంపండి. ఇంట్లోవాళ్లు వాటిని జిరాక్స్ తీయించి ట్రంకు పెట్టెలో పెట్టాలి. మీ ఫోన్ పోవచ్చు, పగలొచ్చు. ఊళ్లో ఉన్న కట్ట మాత్రం ఉంటుంది.

కాంట్రాక్టు అరబ్బీ, ఇంగ్లీషులో ఉంటుంది. ఆఫర్ లెటర్‌ను హిందీలోనో ఉర్దూలోనో ఇమ్మని అడగవచ్చు. మన పాలమూరువాళ్లకు ఉర్దూ ఎంతో కొంత వస్తుంది కాబట్టి సిగ్గుపడకుండా అడగండి, లేకపోతే మీరుండే లేబర్ క్యాంపులో చదువు వచ్చినవాళ్లతో చదివించుకోండి. అందులో బేసిక్ ఎంత, అలవెన్సు ఎంత అన్నది విడివిడిగా చూడండి. మొత్తం ఒకటే అయినా బేసిక్ తక్కువ రాస్తే, ఉద్యోగం వదిలి వచ్చేటప్పుడు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీ తగ్గి, చివర్లో నష్టపోయేది మీరే.

పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే భద్రంగా ఉంటుందని కొందరు మేనేజర్లు అంటారు. అక్కడి కార్మిక చట్టం ప్రకారం యజమాని మీ పాస్‌పోర్టును ఉంచుకోకూడదు. ఏదైనా పనికని తీసుకుంటే ఏ రోజు ఇచ్చారో రాసిపెట్టుకోండి, తిరిగి వచ్చేదాకా అడుగుతూనే ఉండండి. ఎమిరేట్స్ ఐడీని, అదే బతాకాను, ఎప్పుడూ జేబులో ఉంచుకోండి.

ఇంకో చిన్న విషయం ఇక్కడే చెప్పాలి. ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే అమ్మలు మసాలా, పొడులు కట్టి పంపుతారు. అందులో గసగసాలు ఉండకూడదు. మన వంటింట్లో మామూలు దినుసు అక్కడ మాదకద్రవ్యం కింద నిషేధం, జైలుకు పోవాల్సి వస్తుంది. నొప్పి మాత్రల్లో కొన్ని కూడా అంతే, డాక్టరు చీటీ లేకుండా తీసుకెళ్లొద్దు. "ఈ పొట్లం మా బామ్మర్దికి ఇవ్వండన్నా" అని ఎయిర్‌పోర్టులో ఎవరిచ్చినా, సొంత ఊరివాడైనా సరే, విప్పి చూడకుండా తీసుకోకండి.

ఢిల్లీ నుంచి మీ దాకా

విదేశాంగ శాఖ అంటే టీవీలో మంత్రులు చేతులు కలిపే శాఖ అని నేనూ అనుకునేవాణ్ని. మన పాస్‌పోర్టు ఇచ్చేది ఆ శాఖే. దుబాయ్‌లో కాన్సులేట్, అబుదాబిలో ఎంబసీ దాని చేతి కిందివే. ప్రవాసుల కోసం ఒకప్పుడు వేరే మంత్రిత్వ శాఖ ఉండేది, 2016లో దాన్ని ఇందులో కలిపేశారు. కూలి పని మీద వెళ్లేవారి బాగోగులు కూడా ఇప్పుడు దీని బాధ్యతే.

పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉంటుంది. దాన్ని చాలామంది చిన్నతనంగా చూస్తారు. నిజానికి అది 1983 నాటి వలస చట్టం మీ కోసం పెట్టిన కాపలా. గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు పని మీద వెళ్లాలంటే ఈసీఆర్ ఉన్నవాళ్లకు హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (వలసవెళ్లేవారి రక్షణ అధికారి) అనుమతి కావాలి. ఆ అనుమతి ఈ-మైగ్రేట్ పోర్టల్ ద్వారా వస్తుంది. జీతం ఎంత, కంపెనీ ఏది అన్నది అక్కడ నమోదవుతుంది. అంటే నా దగ్గర లేని ఆ 1,200 కాగితం ఇప్పుడు ప్రభుత్వం దగ్గరే ఒకటి ఉంటుంది. లైసెన్సు ఉన్న ఏజెంట్ల జాబితా కూడా అదే పోర్టల్‌లో దొరుకుతుంది. ఏజెంటు తీసుకోదగిన సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మూడింతలు కట్టినవాళ్లను మా ఊళ్లోనే చూశాను. అందులో సగం వడ్డీకి తెచ్చిన పైసలే.

ఈ కాపలా తప్పించడానికే కొందరు ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపుతారు. "అక్కడికెళ్లాక మార్చేస్తారు" అంటారు. విజిట్ వీసా మీద పని చేయడం నేరం. అలా వెళ్లినవారికి అనుమతి లేదు, ఇన్సూరెన్స్ లేదు, జీతం ఎగ్గొడితే లేబర్ కాంట్రాక్టు లేదు. ఇళ్లల్లో పనికి వెళ్లే ఆడవాళ్ల విషయంలో ఇది మరీ ప్రమాదం. ఈసీఆర్ ఉన్న ఆడవాళ్లు ఇంటిపనికి వెళ్లాలంటే కనీసం 30 ఏళ్లు నిండాలి. విజిట్ వీసా మీద పంపితే వయసు ఎవరూ అడగరు, తలుపు మూశాక ఎలా ఉన్నారనీ ఎవరూ అడగరు. మీరు ఇప్పటికే అలా వెళ్లి ఉంటే దాచుకోవద్దు. వీసా గడువు ఉండగానే కాన్సులేట్‌కు చెప్పండి. గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా పెరుగుతూ పోతుంది.

ఇన్సూరెన్స్ పేరు ప్రవాసీ భారతీయ బీమా యోజన. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తాయి. కంపెనీ మారినా చెల్లుతుంది. నిద్రలో గుండె ఆగి చనిపోయినవారికి ఆ 10 లక్షలు రావు. క్యాంపుల్లో నేను చూసిన చావుల్లో అలాంటివే ఎక్కువ కాబట్టి ఇది నాకు తీరని బాధ, ఈ నిబంధన మారాలని గట్టిగా కోరుకుంటున్నాను. గడువు అయిపోతే ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసుకోవచ్చు. మూడేళ్ల తర్వాత దాన్ని మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

పేర్ల గురించి

దుబాయ్‌లోని సోనాపూర్ లేబర్ క్యాంపులో నా పక్క మంచం దేవరకొండ వైపు తండా అబ్బాయిది. ఒక రోజు పొద్దున లేవలేదు. శవం ఇంటికి రావాలంటే ఆసుపత్రి కాగితం, పోలీసు కాగితం, మరణ ధ్రువపత్రం, పాస్‌పోర్టు రద్దు, కాన్సులేట్ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం), వీటితో పాటు ఇంటివాళ్ల సమ్మతి పత్రం కావాలి. ఆ పత్రంలో భార్య పేరు ఆధార్‌లో ఉన్నట్టు రాశారు. అతని పాస్‌పోర్టులో ఆమె పేరు వేరేలా ఉంది, ఇంటిపేరు అసలే లేదు. తండా నుంచి నల్లగొండకు, నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు ఆమె అన్నదమ్ములు తిరిగి కొత్త పత్రం పంపేసరికి చాలా రోజులు పోయాయి. అన్ని రోజులూ ఆమె ఫోన్ చేసి "ఇయ్యాల పంపుతున్నరా" అని అడిగేది. నా దగ్గర జవాబు ఉండేది కాదు.

మన దగ్గర వెంకటయ్య రేషన్ కార్డులో ఒకలా, ఆధార్‌లో వెంకటేశ్‌లా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటాడు. ఊళ్లో దాంతో ఇబ్బంది లేదు, అందరూ మనిషిని చూసి గుర్తుపడతారు. అక్కడ మాత్రం వేర్వేరు మనుషులవుతారు. అందుకే మీ పేరు, భార్య పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఇన్సూరెన్స్ నామినీ పేరు అక్షరం అక్షరం పోల్చుకోండి. తేడా ఉంటే పాస్‌పోర్టును రీ-ఇష్యూ చేయించుకోవాలి. ఇంటికొచ్చినప్పుడైతే మహబూబ్‌నగర్, నల్లగొండ పోస్టాఫీసుల్లోనే పాస్‌పోర్టు సేవా కేంద్రాలున్నాయి, సికింద్రాబాద్ దాకా పోనక్కర్లేదు. మామూలు 36 పేజీల పాస్‌పోర్టుకు ఫీజు 1,500 రూపాయలు. దుబాయ్‌లో ఉండి కూడా కాన్సులేట్ ద్వారా చేయించుకోవచ్చు.

చిక్కు వస్తే

జీతం ఆపారనో, తిట్టారనో కోపంతో క్యాంపు వదిలి వెళ్లిపోకండి. నేను చెప్పేవాటిలో ఇది గట్టిగా పట్టుకోవాల్సిన మాట. వరుసగా ఏడు రోజులు మించి పనికి రాకపోతే కంపెనీ మీ మీద అబ్‌స్కాండింగ్ కేసు, అంటే పారిపోయారన్న కేసు, పెట్టవచ్చు. అప్పుడు బాకీ ఉన్న కంపెనీ ఫిర్యాదుదారు అవుతుంది, జీతం రావాల్సిన మీరు కల్లివెల్లి, అంటే కంపెనీ వదిలి పారిపోయినవారు, అవుతారు. ముందు ఫిర్యాదు, తర్వాతే ఏదైనా.

జీతం గడువు దాటి 15 రోజులు అయితే అక్కడి కార్మిక శాఖకు ఫిర్యాదు చేయండి, నంబరు 600590000. మన ప్రభుత్వం తరఫున దుబాయ్‌లో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది, ఉచిత నంబరు 80046342. హిందీలో మాట్లాడితే చాలు. ఇండియాలో ఉన్న ఇంటివాళ్లకు 1800 11 3090 ఉంది. ఇంటి నుంచే 'మదద్' పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టవచ్చు. జీతం బాకీ, జైలు, ఆచూకీ తెలియకపోవడం, శవం రావడం, ఏదైనా. అందులో ఒక నంబరు వస్తుంది. ఆ నంబరును రాసిపెట్టుకుని, ప్రతి ఫోన్‌లో దాన్నే చెప్పండి. కథంతా మొదటి నుంచి చెప్పాల్సిన పని తప్పుతుంది.

కంపెనీ మెడ మీద కత్తి పెట్టడం, జైలు నుంచి తెచ్చేయడం కాన్సులేట్ వల్ల కాదు. కంపెనీతో మాట్లాడుతుంది, జైలుకు వచ్చి చూస్తుంది, పాస్‌పోర్టు పోతే పోలీసు కాగితం మీద ఔట్‌పాస్, అంటే ఇంటికి రావడానికి పాస్‌పోర్టు బదులు పనికొచ్చే కాగితం, ఇస్తుంది. చేతిలో ఏమీ లేనివాళ్లకు తిండి, బస, టికెట్, శవం రవాణా కోసం ప్రవాసీ సంక్షేమ నిధి అని ఒకటి 2009 నుంచి ఉంది. నిజంగా గతిలేనివారికే ఇస్తారు, అడగాలి. అరెస్టయితే "ఇండియన్ కాన్సులేట్‌కు చెప్పండి" అని అడిగే హక్కు 1963 వియన్నా ఒప్పందం కింద మీకుంది. భాష రాకపోతే "ఇండియన్ కాన్సులేట్" అన్న రెండు మాటలైనా అనండి. చదవరాని కాగితం మీద సంతకం పెట్టకండి.

గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 లక్షలు ఇస్తోంది. దరఖాస్తు జిల్లా కలెక్టర్‌కు పెట్టాలి. హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి కూడా ఉంది.

ఎండ సంగతి: జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఆరుబయట పని చేయించకూడదు. మన ఎండలు చూశాంలే అనుకోకండి. అక్కడి గాలిలో తేమ వేరు. ఉప్పు కలిపిన నీళ్లు తాగుతూ ఉండండి.

నెలనెలా జీతం స్లిప్పు ఫొటో ఇంటికి పంపండి. మా ఆవిడ వాటిని జిరాక్స్ తీయించి ఖాళీ బియ్యం డబ్బాలో దాచేది. నేను వచ్చేసేటప్పుడు గ్రాట్యుటీ లెక్క వేశారు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజుల బేసిక్. కంపెనీ నా సర్వీసును ఏడాదిన్నర తక్కువగా చూపింది. ఊరికి ఫోన్ చేశాను. ఆవిడ డబ్బా బోర్లించి, మొదటి నెల స్లిప్పు వెతికి, ఫొటో తీసి పంపింది. అకౌంటెంట్ దాన్ని రెండుసార్లు చూసి లెక్క మళ్లీ వేశాడు.