బెల్టు బండి పాఠాలు – 5: పుల్లీ పన్ను చదవడం

బెల్టు బండి అంటే చెయిన్ బదులు పళ్ల బెల్టుతో వెనక చక్రం తిరిగే మోటారుసైకిల్. ఆ బెల్టు ఎక్కే పళ్ల చక్రమే పుల్లీ: ఇంజన్ వైపుది ముందు పుల్లీ, చక్రం దగ్గరిది వెనక పుల్లీ. పోయిన పాఠంలో బెల్టు బిగువు పట్టడం నేర్చుకున్నాం. కింది వరస మధ్యలో 4.5 కిలోల బలంతో నొక్కి, ఎంత కదిలిందో కొలిచి, మాన్యువల్‌లోని అంకెతో సరిచూశాం. అది చదివి ఒడిశా రాయగడ కుర్రాడొకడు అడిగాడు: "అన్నా, ముందు పుల్లీ తీసేసి తేలికపాటి అల్యూమినియంది వేస్తే బండి లాగుడు పెరుగుతాదంటన్నారు, నిజమేనా? ఎన్నాళ్లు మన్నుతాది?"

లాగుడు సంగతి ముందు తేల్చేద్దాం. అల్యూమినియం బరువు ఉక్కులో మూడో వంతు, నిజమే. కానీ ముందు పుల్లీ అరచేతిలో ఇమిడేంత వస్తువు. అందులో తగ్గిన కాస్త బరువు రోడ్డు మీద మీకు తెలియదు. లాగుడు మార్చేది పళ్ల లెక్క, లోహం కాదు.

మన్నిక దగ్గర మాత్రం ముందు పుల్లీని, వెనక పుల్లీని ఒకే గాటన కట్టకూడదు. ముందు 32, వెనక 68 పళ్లున్న జత తీసుకోండి. వెనక చక్రం ఒక చుట్టు తిరిగేసరికి ముందు పుల్లీ రెండు చుట్లు దాటేస్తుంది. అంటే ముందు పన్ను ప్రతిదీ వెనక పన్నుకన్నా రెండింతలకు పైగా బెల్టు దెబ్బలు తింటుంది. పైగా చిన్న పుల్లీని ఒకేసారి పట్టుకునే పళ్లు తక్కువ, ఒక్కోదాని మీద భారం ఎక్కువ. అందుకే హార్లే లాంటి బండ్లలో కంపెనీవాళ్లే వెనక అల్యూమినియం వేసినా ముందు ఉక్కునే ఉంచుతారు.

ముందు పుల్లీకి ఇంకో బాధ ఉంది. అది కూర్చునేది గేరుబాక్సు నుంచి వచ్చే ఉక్కు షాఫ్టు మీద. వేడికి అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు రెండింతలు సాగుతుంది. 40 మిల్లీమీటర్ల రంధ్రం దగ్గర వేడి 60 డిగ్రీలు పెరిగితే ఆ తేడా 0.026 మిల్లీమీటర్లు. కంటికి ఆనదు. కానీ యాక్సిలరేటర్ ఇచ్చిన ప్రతిసారీ, వదిలిన ప్రతిసారీ ఆ సందులో పుల్లీ ఇటూ అటూ కొట్టుకుంటుంది. మెత్తని లోహం కదా, రంధ్రం లోపలి పళ్లు అరుగుతాయి, నట్టు వదులవుతుంది. కాబట్టి నా మాట ఇది: ముందు ఉక్కు ఉంటే దాని జోలికి పోకండి.

ఇక వెనక పుల్లీ. దాన్ని తినేది భారం కాదు, దుమ్ము. మన రాయగడ, కొరాపుట్ కొండల రాయిని ఖోండలైట్ అంటారు, ఇక్కడి ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరే. అందులో క్వార్ట్జ్, గార్నెట్ అనే గట్టి ఖనిజాలు ఉంటాయి. ఉంగరంలో పెట్టుకునే గోమేదికం కూడా గార్నెట్ జాతే. ఉప్పుకాగితం మీద అంటించేదీ గార్నెటే. గట్టిదనం కొలిచే పదింటి వరసలో క్వార్ట్జ్, గార్నెట్ రెండూ 7 దగ్గర ఉంటే, అల్యూమినియం 3కు కూడా చేరదు. ఘాటీ రోడ్డు పక్క మట్టి బెల్టుకీ పుల్లీకీ మధ్య చేరిందంటే, నడిచేది బండి కాదు, ఆకురాయి.

అందుకే పుల్లీకి గట్టి పొర వేస్తారు: హార్డ్ క్రోమ్ (క్రోమియం పూత), లేదా హార్డ్ ఆనొడైజింగ్. ఆనొడైజింగ్ అంటే లోహం పైచర్మాన్నే అల్యూమినాగా మార్చడం. కొరాపుట్ జిల్లా దామన్‌జోడిలో బాక్సైట్ అనే ఖనిజం నుంచి తీసే తెల్లపొడి ఉందే, అదే పదార్థం. ఉత్త అల్యూమినియం కన్నా ఎంతో గట్టిది. మన దుమ్ము దాన్ని అంత తేలిగ్గా అరగదీయలేదు. కానీ ఆ పొర మందం 25 నుంచి 50 మైక్రాన్లు, రాసుకునే కాగితం మందంలో సగమో, ఇంకా తక్కువో. కింద ఉన్నది మెత్తని లోహం. వేడన్నం మీద అప్పడం పెట్టి వేలితో నొక్కండి. అప్పడం కరకరలాడేదే, అయినా కింద ఆసరా లేక పగులుతుంది. బెల్టు కింద ఇరుక్కున్న గులకరాయి చేసేది సరిగ్గా అదే. ఒక్కచోట పగిలిందా, అక్కణ్ణుంచి దుమ్ము పని మొదలుపెడుతుంది.

ఇప్పుడు చేతిపని. ఇంజన్ ఆపి, తాళం తీసి, న్యూట్రల్‌లో పెట్టి, వెనక చక్రం నేల తాకకుండా స్టాండు ఎక్కించండి. చక్రాన్ని చేత్తోనే, టైరు పట్టుకుని తిప్పండి. బెల్టు పుల్లీలోకి దిగే చోట వేలు పెడితే వేలు పోతుంది, ఇది మాత్రం మరవద్దు. సబ్బునీళ్లతో, మెత్తటి బ్రష్‌తో కడగండి. చెయిన్‌కి అలవాటైన డీజిల్, కిరసనాయిలు బెల్టు దగ్గరికి రానివ్వకండి.

ఆరాక సన్నని చాకు తీసుకోండి. రెండు పళ్ల మధ్య గాడి అడుగున మొన ఆనించి, పెన్సిలు పట్టుకున్నంత బలంతో అడ్డంగా లాగండి. క్రోమ్ బాగుంటే మొన గాజు మీద జారినట్టు జారిపోతుంది, మరక మిగలదు. పొర పోయి ఉంటే మొన కసుక్కున దిగుతుంది, వెనకాల వెండి గీత మెరుస్తుంది. ఆ తేడా కంటికన్నా ముందు వేళ్లకే తెలుస్తుంది. ఆనొడైజింగ్ మీద ఇంకా తేలిక చేత్తో లాగండి. గాడి నడుమ ఒకసారి, రెండు అంచుల దగ్గర ఒక్కోసారి. దిగిన గాడి పక్కన సుద్దముక్కతో గుర్తు పెట్టి ముందుకు తిప్పండి. తర్వాత పన్ను అంచు మీద గోరు నడపండి. గోరు తట్టుకునే మెట్టు ఉంటే పన్ను కోసుకుపోతోందని అర్థం.

నేను ఈ పరీక్ష చెయ్యకుండా ఒక తప్పు చేశాను. జయపురం నుంచి వచ్చిన బండికి తెగిన బెల్టు మార్చి, పుల్లీ నల్లగా నిగనిగలాడుతోంది కదా అని వదిలేశాను. నాలుగు వేల కిలోమీటర్లకే కొత్త బెల్టు పళ్లు పీచులు లేచి తిరిగొచ్చింది. చాకు పెట్టి చూస్తే పన్నెండు గాళ్లలో దిగింది. రంగు మిగిలింది పక్కల మీదే, అడుగున కాదు. బండి కుర్రాడు జీతం డబ్బుతో కొన్న బెల్టు అది. రెండోది నా ఖర్చుతో వేశాను, పుల్లీతో సహా.

మొన దిగిన పుల్లీకి మళ్లీ రంగు, పూత అని ఎవరైనా అంటే వినకండి. పన్ను కొలత అప్పటికే తప్పి ఉంటుంది. బెల్టు, రెండు పుల్లీలు జతగా మార్చాలి.

వచ్చే పాఠంలోగా మీ వెనక పుల్లీ గాళ్లన్నీ పరీక్షించి, సుద్ద గుర్తులెన్నో నోటుపుస్తకంలో కిలోమీటర్ల అంకె పక్కన రాసి ఉంచండి. ఆ అంకెతోనే ఆరో పాఠం మొదలుపెడతాం.