ఏథెన్స్ చుట్టూ టోల్ రోడ్లు: ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి

ఏథెన్స్ విమానాశ్రయంలో కారు అద్దెకు తీసుకొని బయలుదేరేవారు ముందుగా అర్థం చేసుకోవలసినది అత్తికీ ఒదోస్ అనే మోటారు మార్గాన్ని. పడమట ఎలెఫ్సినా నుంచి నగరానికి ఉత్తరంగా సాగి, తూర్పున స్పాతా దగ్గరి విమానాశ్రయం వరకు వెళ్ళే ఈ రోడ్డును పటాల్లో ఎ6గా చూపుతారు. 2001 నుంచి 2004 వరకు దీన్ని దశలవారీగా తెరిచారు. సబర్బన్ రైలు పట్టాలు చాలా దూరం ఈ రోడ్డు మధ్యలోనే సాగుతాయి కనుక, పక్కన రైలు కనబడితే దారి తప్పామేమోనని కంగారు పడనక్కర్లేదు.

ఇక్కడ రుసుము దూరాన్ని బట్టి ఉండదు. రోడ్డు ఎక్కేటప్పుడు ఒక్కసారి చెల్లిస్తే చాలు, దిగేటప్పుడు ఎవరూ ఆపరు. 2024 అక్టోబరులో కారు రుసుమును 2.80 యూరోల నుంచి 2.50 యూరోలకు తగ్గించారు. రెండు కూడళ్ళ దూరానికైనా, ఈ చివరి నుంచి ఆ చివరికైనా అంతే. కాబట్టి పొరపాటున ముందే దిగి మళ్ళీ ఎక్కితే రెండోసారి చెల్లించక తప్పదు. దిగవలసిన కూడలి పేరు బయలుదేరే ముందే రాసి పెట్టుకోవడం మంచిది. మోటారు మార్గాల బోర్డులు ఆకుపచ్చగా ఉంటాయి. ఊరి పేరు మొదట గ్రీకు లిపిలో పసుపు రంగులోనూ, దాని కింద రోమన్ లిపిలో తెలుపులోనూ కనిపిస్తుంది.

గ్రీకులు దియోదియా అని పిలిచే టోల్ గేటు దగ్గరకు రాగానే వేగం తగ్గించి, వరుసల పైనున్న గుర్తులు చూడాలి. కొన్ని వరుసలు అద్దానికి అతికించే ఎలక్ట్రానిక్ పరికరం ఉన్నవారికి మాత్రమే. మిగిలినవాటిలో మనిషికి నగదు గానీ కార్డు గానీ ఇవ్వవచ్చు. ఒక రెండు యూరోల నాణెం, ఒక యాభై సెంట్ల నాణెం కలిపి గేర్ దగ్గరి గిన్నెలో ముందే వేసి పెట్టుకుంటే, వెనక వరుస కట్టిన కార్ల ముందు జేబులు తడుముకునే అవస్థ తప్పుతుంది. తప్పు వరుసలోకి వెళ్ళినా వెనక్కి మాత్రం రాకూడదు, సిబ్బంది వచ్చేదాకా ఆగాలి. 2020 నవంబరు నుంచి ఏ సంస్థ ఇచ్చిన పరికరమైనా దేశంలోని మోటారు మార్గాలన్నిటా పనిచేస్తోంది కనుక, చాలా రోజులు తిరిగేవారు దాని గురించి అద్దె సంస్థను అడగడం మేలు.

విమానాశ్రయం నుంచి నగర కేంద్రానికి వెళ్ళేవారు ఎ6 మీదుగా వచ్చి, ఇమిట్టోస్ కొండ పక్కగా దక్షిణానికి దిగే శాఖను పట్టుకొని కటెహాకి వైపు వెళితే సరిపోతుంది. పిరేయస్ ఓడరేవుకైతే మెటామోర్ఫోసి కూడలి వరకు వచ్చి, కిఫిసోస్ అవెన్యూలో దక్షిణానికి తిరగాలి. ఆ అవెన్యూకు టోల్ లేదు గానీ, ఉద్యోగుల రాకపోకల వేళల్లో అక్కడ వాహనాలు కదలవు. ఓడ సమయం దగ్గర పడుతుంటే దాన్ని నమ్ముకోకూడదని నా అభిప్రాయం. కొరొపీ, వారీల మీదుగా సముద్రతీరానికి దిగి పొసీదోనోస్ అవెన్యూలో వెళ్ళే దారి మెలికలతో, సిగ్నళ్ళతో నిండినదైనా, అందులో టోల్ ఉండదు.

నగరం దాటి వెళ్ళేవారికి లెక్క మారుతుంది. మెటామోర్ఫోసి దగ్గర ఉత్తరానికి తిరిగి లామియా, థెస్సలొనీకి వైపు ఎ1 పట్టుకుంటే అఫిద్నెస్‌లో వేరే గేటు వస్తుంది. ఎలెఫ్సినా దాటి కోరింథ్ వైపు ఎ8లో సాగితే ఎలెఫ్సినా దగ్గర ఒకటి, భూసంధి దగ్గర మరొకటి ఎదురవుతాయి. వీటి రుసుములు అత్తికీ ఒదోస్ దగ్గర చెల్లించిన దానికి అదనం. తొందర లేనివారు కినెట్టా మీదుగా తీరం వెంట వెళ్ళే పాత జాతీయ రహదారిలో ఏమీ చెల్లించకుండానే కోరింథ్ చేరవచ్చు.