ఇంట్లో కేర్‌టేకర్, ఆక్యుపేషనల్ థెరపిస్ట్: ఇద్దరి పనీ కలిసి సాగాలంటే

ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (స్నానం, బట్టలు లాంటి రోజువారీ పనులు మళ్లీ సొంతంగా చేసుకోవడం పెద్దవాళ్లకి నేర్పేవారు) ఇంటికొచ్చినప్పుడు కేర్‌టేకర్ పక్కనే ఉండేలా చూసుకోండి, అన్నిటికంటే ముఖ్యం ఇదే. థెరపిస్ట్ అప్పుడప్పుడు వచ్చి నేర్పించి వెళ్తారు, స్నానం, బట్టలు, భోజనం రోజూ చూసేది మాత్రం కేర్‌టేకరే కదా. పెద్దవాళ్లు సొంతంగా ఏవి చేసుకోగలరు, ఎక్కడ చెయ్యి అందించాలి, ఏవి పూర్తిగా మనమే చేయాలి అన్నది థెరపిస్ట్‌తోనే రాయించి గోడకి అంటించండి.

ఉదాహరణకి పక్షవాతం వచ్చినవాళ్లకి చొక్కా తొడిగేటప్పుడు బలం తగ్గిన చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు తీయాలి. పాదాలు నేలకి ఆనేలా కూర్చోబెట్టి, గుండీలు మాత్రం వాళ్లనే పెట్టుకోనివ్వండి. పది నిమిషాలు పట్టినా సరే, ఆగండి. ప్రేమకొద్దీ అన్నీ మనమే చేసిపెడితే (చాలా ఇళ్లలో జరిగేది ఇదే) ఉన్న కాస్త అలవాటూ తప్పిపోతుంది.

బాత్రూంలో పట్టుకునే రాడ్ ఎక్కడ, ఎంత ఎత్తులో కావాలో థెరపిస్ట్ చూసి చెప్పాకే బిగించండి, టవల్ రాడ్ మనిషి బరువు ఆపదు.

తూలడం, కొత్తగా నొప్పి లాంటివి తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసి థెరపిస్ట్‌కి చూపించండి. పడిపోయినా, ఉన్నట్టుండి మాట తడబడినా, చెయ్యి పట్టు తప్పినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.